ఖిలాఫత్, ములూకియత్, మార్షల్ లా: మౌలానా మౌదూదీ గ్రంథంపై ఒక పరిశీలన

మౌలానా సయ్యిద్ అబుల్ ఆలా మౌదూదీ (1903-1979) రచనలలో ‘ఖిలాఫత్ వ ములూకియత్’ గ్రంథానికి పట్టిన గతి కొంత విచిత్రమైనది. 1966లో ఉర్దూలో వెలువడిన నాటి నుండి దానిని ఖండిస్తూ, సమర్థిస్తూ ఎన్నో పుస్తకాలు, వ్యాసాలు వచ్చాయి. అయితే ఉభయ పక్షాలవారూ వాదులాడుకున్నది ముఖ్యంగా ఒకే విషయంపై. హజ్రత్ ఉస్మాన్ (ర) పాలనలోని చివరి సంవత్సరాల గురించీ, హజ్రత్ ముఆవియా (ర) చర్యల గురించీ గ్రంథకర్త రాసిన తీరు సహాబాల గౌరవానికి తగినదా, కాదా? ఆయన ఆధారపడిన చారిత్రక కథనాలలో ఏవి ప్రామాణికం, ఏవి బలహీనం? మౌలానా తఖీ ఉస్మానీ వంటి విద్వాంసులు లేవనెత్తిన ఈ ప్రశ్నలు చిన్నవి కావు. సహాబాల విషయంలో కలం అదుపులో ఉండాలన్నది అహ్లె సున్నత్ పండితుల చిరకాల నియమం. కాని ఈ వివాదంలో పడి గ్రంథం అడిగిన అసలు ప్రశ్న మరుగున పడిపోయింది.

ఆ ప్రశ్న ఇది. పాలకుడు ముస్లిమే. మస్జిదులలో అజాన్ వినిపిస్తూనే ఉంది. ఖాజీలు తీర్పులిస్తూనే ఉన్నారు. జకాత్ వసూలవుతూనే ఉంది. అయినా ఆ పాలన ఖిలాఫత్ కాకుండా పోయిందనీ, ములూకియత్‌గా మారిందనీ ముస్లిం సమాజం ఏ గుర్తులను బట్టి తెలుసుకోవాలి?

గ్రంథం దీనికి స్పష్టమైన జవాబే ఇచ్చింది. ఆ జవాబు బలమెంత, అది ఎక్కడ ఆగిపోయింది, గ్రంథకర్త స్థాపించిన సంస్థే సైనిక పాలన ఎదుట దానికి ఎంతవరకు కట్టుబడింది అన్నవి నిష్పాక్షికంగా చూడవలసిన విషయాలు. ఔరంగాబాదులో, అంటే నాటి నిజాం రాజ్యంలో పుట్టి, 1930లలో హైదరాబాదు నుండే ‘తర్జుమానుల్ ఖుర్ఆన్’ పత్రికను నడిపిన రచయిత కనుక, ఆయన ఆలోచనలు తెలుగు ముస్లిం పాఠకులకు పరాయివి కావు. ఆయనను చదివి తలదాల్చినవారూ, చదవకుండానే తోసివేసినవారూ ఇక్కడ సమృద్ధిగా ఉన్నారు. చదివి తూచినవారే తక్కువ.

ఎనిమిది మార్పులు

గ్రంథంలో తొమ్మిది అధ్యాయాలున్నాయి. మొదటి రెండు ఖుర్ఆన్ రాజకీయ బోధనలను, ఇస్లామీయ పాలనా సూత్రాలను వివరిస్తాయి. మూడవది ఖులఫాయె రాషిదీన్ పాలన లక్షణాలను చెబుతుంది. నాల్గవది ఆ పాలన రాచరికంగా మారిన చారిత్రక క్రమాన్నీ, ఐదవది ఆ రెండు పాలనలకూ గల భేదాన్నీ నిరూపిస్తాయి. ఆరవది ముస్లిములలో మతపరమైన విభేదాలు తలెత్తిన వైనాన్ని తెలుపుతుంది. చివరి మూడు అధ్యాయాలు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ)ల కృషికి సంబంధించినవి.

వివాదమంతా నాల్గవ అధ్యాయం చుట్టూ తిరిగింది. గ్రంథానికి ప్రాణం మాత్రం ఐదవ అధ్యాయంలో ఉన్నది. అందులో ఎనిమిది మార్పులు వరుసగా పేర్కొనబడ్డాయి. ఖలీఫా నియామక విధానం మారింది. పాలకుల జీవన సరళి మారింది. ప్రజల అమానతుగా ఉన్న బైతుల్ మాల్ పాలకుని సొత్తయింది. అభిప్రాయాన్ని ప్రకటించే స్వేచ్ఛ అంతరించింది. న్యాయస్థానాల స్వాతంత్ర్యం పోయింది. షూరా ప్రభుత్వం ముగిసింది. జాతి, వంశ పక్షపాతాలు తలెత్తాయి. చట్టం ఆధిపత్యం అంతమైంది.

ఈ జాబితాను నిదానంగా చదివినవారికి రెండు సంగతులు స్ఫురిస్తాయి. మొదటిది, వీటిలో ఏ ఒక్కటీ పాలకుని విశ్వాసానికి గాని, ఆరాధనలకు గాని సంబంధించినది కాదు. నమాజు మానిన రాజును నిందించడం సులభం; నమాజు చేసే రాజునే ఈ అధ్యాయం ప్రశ్నిస్తున్నది. రెండవది, వరుసలో మొదటి స్థానం పాలకుని నియామకానిది. రాషిదీన్ ఖలీఫాల కాలంలో బైఅత్ తర్వాతనే అధికారం వచ్చింది. రాచరికంలో అధికారం వచ్చిన తర్వాత బైఅత్ తీసుకోబడింది. గ్రంథకర్త ఈ తేడాను పట్టుకున్నారు. మిగిలిన ఏడు మార్పులకూ దారి ఇక్కడే ఏర్పడిందని చెప్పవచ్చు. బలంతో వచ్చినవాడు విమర్శను సహించలేడు. విమర్శను సహించలేనివాడికి స్వతంత్రుడైన ఖాజీ గిట్టడు. నోరు విప్పేవాడూ, తీర్పు చెప్పేవాడూ లేనినాడు బైతుల్ మాల్ లెక్క అడిగేవాడు మిగలడు.

పదాల విషయం

ఈ గ్రంథాన్ని తెలుగులో ఆలోచించేటప్పుడు రెండు పదాల దగ్గర జాగ్రత్త అవసరం. ‘ములూకియత్’ను ‘రాచరికం’ అనడం వాడుక. ఆ మాట వినగానే మనకు కిరీటం, సింహాసనం, తండ్రి తర్వాత కొడుకు గుర్తుకు వస్తారు. కాని పై ఎనిమిది గుర్తులలో వంశపారంపర్యం అన్నది విడిగా ఒక గుర్తు కాదు; అది మొదటి మార్పుకు చరిత్రలో కలిగిన ఒక రూపం మాత్రమే. సమ్మతి లేకుండా వచ్చి, జవాబుదారీ లేకుండా సాగే పాలన ఏదైనా ములూకియత్ కిందికే వస్తుంది. దానికి కిరీటం అక్కరలేదు. సైనిక దుస్తులతో కూడా అది సాగగలదు.

రెండవ పదం ‘షూరా’. దీనిని ‘సలహా’ అని అనువదించడంలో ఒక ప్రమాదం ఉన్నది. మన భాషలో సలహా అంటే అడిగినవాడు వింటే విన్నాడు, లేకపోతే లేదు. ఖుర్ఆన్‌లో అష్ షూరా సూరా 38వ వాక్యం ఆ పదాన్ని వాడినప్పుడు, విశ్వాసుల వ్యవహారమే పరస్పర సంప్రదింపుతో నడవాలన్న అర్థం వస్తుంది. వ్యవహారం వారిది, సంప్రదింపు వారి మధ్యది. ఒకడు ఎత్తున కూర్చుని తాను ఏరుకున్నవారిని పిలిచి మాటలు వినడం ఆ వాక్యంలోని చిత్రం కాదు. ‘సలహా’కూ ‘సంప్రదింపు’కూ మధ్యనున్న ఈ చిన్న తేడాపైనే పాకిస్తాన్‌లో పదకొండేళ్ల రాజకీయం నడిచింది.

అయూబ్ కాలంలో గ్రంథం

ఈ గ్రంథం గ్రంథాలయపు ప్రశాంతతలో పుట్టినది కాదు. 1958 అక్టోబరులో పాకిస్తాన్‌లో మార్షల్ లా వచ్చింది, పార్టీలు రద్దయ్యాయి. 1962లో ఫీల్డ్ మార్షల్ అయూబ్ ఖాన్ తన రాజ్యాంగాన్ని తానే ప్రసాదించారు. అధ్యక్షుని ఎన్నుకునే హక్కు ప్రజలందరికీ కాక, 80,000 మంది ‘బేసిక్ డెమోక్రాట్ల’కు పరిమితమైంది. 1964 జనవరిలో జమాఅతె ఇస్లామీ నిషేధించబడింది; మౌలానా మౌదూదీ, ఆయన సహచరులు జైలు పాలయ్యారు. అంతకుముందు 1953లో సైనిక న్యాయస్థానం విధించిన మరణశిక్షను, అది రద్దయి శిక్ష తగ్గిన తర్వాత జైలు జీవితాన్ని ఆయన చవిచూసే ఉన్నారు.

ఇక్కడొక విషయం గమనార్హం. 1964 నిషేధం నుండి జమాఅత్‌ను విడిపించినది సుప్రీంకోర్టు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టివేసింది. సంఘం పెట్టుకునే ప్రాథమిక హక్కు ఆ తీర్పుకు ఆధారమైంది. అంటే ఇస్లామీయ ఉద్యమాన్ని బతికించినది పాలకుని దయ కాదు, రాజ్యాంగంలో రాసిన హక్కు, దానిని నిలబెట్టిన న్యాయమూర్తుల స్వాతంత్ర్యం. ఐదవ అధ్యాయంలోని అయిదవ గుర్తు గ్రంథకర్తకు అనుభవంలో నుండి తెలిసినదే.

1965 జనవరి 2న జరిగిన అధ్యక్ష ఎన్నికలో జమాఅత్ మరొక అడుగు వేసింది. అయూబ్‌కు వ్యతిరేకంగా ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థినిగా నిలిచిన ఫాతిమా జిన్నాను సమర్థించింది. స్త్రీ దేశాధినేత కారాదని కొందరు ఉలమా ఫత్వాలిచ్చారు. మౌలానా స్వయంగా అంతకుముందు వెల్లడించిన అభిప్రాయం కూడా అటువంటిదే. అయినా, అసాధారణ పరిస్థితిలో నిరంకుశత్వమే పెద్ద కీడని తేల్చి ఆయన ఆమె పక్షాన నిలిచారు. విరోధులు దీనిని అవకాశవాదమన్నారు. నిజానికి ఇది ప్రాధాన్యాల నిర్ణయం. ఫిఖ్‌హ్‌లో అభిప్రాయభేదం ఉన్న ఒక షరతుకంటే, ప్రజల సమ్మతి లేని పాలనను తొలగించడం ముందన్న నిర్ణయం. మరుసటి ఏడాదే వెలువడిన గ్రంథంలోని ఎనిమిది గుర్తులలో నియామకానికి మొదటి స్థానం దక్కడం చూస్తే, ఆచరణకూ రచనకూ ఇక్కడ పొత్తు కుదిరిందనే చెప్పాలి.

తర్వాత ఆ పొత్తు సడలింది. 1970 డిసెంబరు ఎన్నికలలో 300 స్థానాలకు గాను అవామీ లీగ్‌కు 160 రాగా, జమాఅత్‌కు దక్కినవి 4. ఆ తీర్పు ప్రకారం అధికారం ఎవరికి చెందవలెనో చెప్పడానికి పెద్ద విద్వత్తు అక్కరలేదు. కాని 1971లో సైన్యం తూర్పు పాకిస్తాన్‌పై విరుచుకుపడినప్పుడు జమాఅత్ సైన్యం వైపే నిలబడింది. దేశ సమైక్యత ప్రమాదంలో ఉన్నదన్నది వారి వాదం. అయితే ప్రజలెన్నుకున్నవారికి అధికారం దక్కనివ్వని పాలకుడు మొదటి గుర్తుకూ, బెంగాలీ ముస్లింను తక్కువగా చూసిన దృష్టి ఏడవ గుర్తుకూ సరిగ్గా సరిపోతాయన్న మాట ఆ సమయంలో ఐదవ అధ్యాయాన్ని తెరిచి ఎవరైనా చెప్పి ఉండవలసింది.

జియా కాలంలో పరీక్ష

అసలు పరీక్ష 1977 జూలై 5న మొదలైంది. జనరల్ జియా ఉల్ హక్ ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి, 90 రోజులలో ఎన్నికలు జరుపుతానని మాట ఇచ్చి, 1988 ఆగస్టు 17న విమాన ప్రమాదంలో మరణించేవరకు అధికారంలోనే ఉన్నారు. అయూబ్‌కూ ఆయనకూ ఒక పెద్ద తేడా ఉన్నది. అయూబ్ ఇస్లామీయ ఉద్యమాన్ని శత్రువుగా చూశారు. జియా దాని పదాలన్నిటినీ తన నోట పలికారు. శత్రువు ఎదుట గుర్తులు గుర్తుండడం సులభం. మిత్రుడు, అందులోనూ నిజాంె ముస్తఫా తెస్తానంటున్న మిత్రుడు ఎదుట ఉన్నప్పుడే అవి కళ్లకు కనిపించవు.

ఎనిమిది గుర్తులను వరుసగా పెట్టి చూద్దాం. నియామకం సంగతి చెప్పనే చెప్పాము. 1984 డిసెంబరు 19న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో చట్టాలను ఖుర్ఆన్, సున్నత్‌లకు అనుగుణంగా మార్చే ప్రక్రియను సమర్థిస్తారా అని అడిగారు. ‘అవును’ అంటే జియా మరో ఐదేళ్లు అధ్యక్షుడు. 97.7 శాతం ‘అవును’ అన్నారని ప్రభుత్వం ప్రకటించింది. ఖుర్ఆన్‌ను కాదనగల ముస్లిం ఎవడు? అధికారం వచ్చిన తర్వాత తీసుకునే బైఅత్‌కు ఇంతకంటె చక్కని నమూనా ఉమయ్యదుల చరిత్రలో కూడా దొరకడం కష్టం.

అభిప్రాయ స్వేచ్ఛ: 1978లో పత్రికా రచయితలకు కొరడా దెబ్బల శిక్ష అమలైంది. 1979 అక్టోబరులో ఎన్నికలు నిరవధికంగా వాయిదా పడ్డాయి, పార్టీలు నిషేధించబడ్డాయి, పత్రికలపై ముందస్తు సెన్సారు వచ్చింది.

షూరా: 1982 జనవరిలో ‘మజ్లిసె షూరా’ అన్న పేరుతో ఒక సభ ప్రారంభమైంది. అందులోని సభ్యులందరూ జనరల్ నియమించినవారే. ఖుర్ఆన్ పదం సభ ద్వారం మీద చేరింది; ఖుర్ఆన్ అర్థం ద్వారం బయటే నిలిచిపోయింది.

న్యాయస్థానాలు: 1981 మార్చిలో వచ్చిన తాత్కాలిక రాజ్యాంగ ఉత్తర్వు ప్రకారం న్యాయమూర్తులు కొత్తగా ప్రమాణం చేయవలసి వచ్చింది, అందుకు ఒప్పుకోనివారు పదవులు వదులుకున్నారు. ఇంతకంటె ఆలోచింపజేసేది ఫెడరల్ షరీఅత్ కోర్టు ఉదంతం. 1980లో ఏర్పడిన ఈ కోర్టు చట్టాలు షరీఅత్‌కు అనుగుణమా కాదా అని తేల్చాలి. కాని రాజ్యాంగమూ, న్యాయస్థానాల విధివిధానాల చట్టాలూ దాని పరిధికి వెలుపల ఉంచబడ్డాయి. 1981లో అదే కోర్టు, రాళ్లతో కొట్టి చంపే శిక్షను హద్దుగా విధించడం ఇస్లామీయ శాసనానికి విరుద్ధమని అధిక సంఖ్యాకుల తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు సరైనదా, తప్పా అన్నది ఫుఖహా చర్చించవలసిన విషయం. చాలామంది ఉలమా దానిని తప్పుపట్టారు కూడా. కాని జనరల్ చర్చ కోసం ఆగలేదు. కోర్టుకు పునఃపరిశీలన అధికారం కల్పించి, న్యాయమూర్తుల కూర్పును మార్చారు. 1982లో తీర్పు తిరగబడింది. రెండవ తీర్పే సరైనదని నమ్మేవారు కూడా, అది వచ్చిన దారిని చూసి తల వంచుకోవలసిందే. పాలకునికి నచ్చని తీర్పు ఇచ్చిన ఖాజీ మారిపోతే, ఆ తర్వాత వెలువడేది షరీఅత్ తీర్పో, పాలకుని అభీష్టమో ఎవరు చెప్పగలరు?

బైతుల్ మాల్: 1980 జూన్‌లో జకాత్, ఉషర్ ఆర్డినెన్సు వచ్చింది, బ్యాంకు పొదుపు ఖాతాల నుండి జకాత్ నేరుగా కోసివేయసాగారు. జఅఫరీ ఫిఖ్‌హ్ ప్రకారం ఇది సరికాదని షియా ముస్లిములు ఆక్షేపించారు. వారిని ముందుగా సంప్రదించి ఒప్పించలేదు కనుక, జూలైలో వేలాదిమంది ఇస్లామాబాదు వీధులకు వచ్చారు. ప్రభుత్వం తగ్గి వారికి మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. సభలో జరగవలసిన షూరా వీధిలో జరిగిందన్నమాట.

ఇక చట్టం ఆధిపత్యం. 1979 ఫిబ్రవరిలో హుదూద్ ఆర్డినెన్సులు ఒక్క మనిషి సంతకంతో చట్టాలయ్యాయి. ఏ ఎన్నికైన సభలోనూ వాటిపై చర్చ జరగలేదు. ఖుర్ఆన్‌లోని హద్దులు అల్లాహ్ శాసనాలు. ఆర్డినెన్సులోని సెక్షన్లు గుమాస్తాలు, న్యాయవాదులు కూర్చిన మానవ రచన. ఈ రెండింటినీ ఒకటిగా చూపడం వల్ల, సెక్షన్లలోని లోపాన్ని ఎత్తిచూపినవాడు హద్దులనే ఎదిరించినట్లు నిందకు గురయ్యాడు. అత్యాచారానికి గురైన స్త్రీ ఫిర్యాదు రుజువు కాకపోతే ఆమే వ్యభిచార నేరం కింద చిక్కుకునే దుస్థితి ఈ సెక్షన్ల వల్ల దాపురించింది. పార్లమెంటు దానిని సరిదిద్దినది 2006లో, అంటే 27 సంవత్సరాల తర్వాత. సంప్రదింపు లేకుండా పుట్టిన చట్టం ఎవరి మీద బరువు మోపుతుందో ఈ 27 ఏళ్లు చెబుతాయి.

ఒక్క గుర్తు మాత్రం జనరల్‌కు అనుకూలంగా ఉన్నది. వ్యక్తిగత జీవితంలో ఆయన నమాజు తప్పనివాడనీ, ఆడంబరం లేనివాడనీ ప్రత్యర్థులు కూడా ఒప్పుకున్నారు. ‘పాలకుల జీవన సరళి’ అన్న రెండవ గుర్తు ప్రకారం ఆయనకు మార్కులు పడతాయి. చాలామందిని మభ్యపెట్టినది కూడా ఇదే.

జమాఅత్ నిర్ణయం

1978 ఆగస్టులో జమాఅతె ఇస్లామీ జియా మంత్రివర్గంలో చేరింది. నాటికి మౌలానా మౌదూదీ అమీర్ పదవిలో లేరు. 1972 నుండి ఆ బాధ్యత మియాఁ తుఫైల్ ముహమ్మద్‌ది. పాకిస్తాన్ నేషనల్ అలయన్స్‌లో భాగంగా, ఎన్నికలను త్వరగా సాధించడానికే చేరామని వారు చెప్పారు. 1979 ఏప్రిల్‌లో, భుట్టోను ఉరితీసిన తర్వాత, అలయన్స్‌తోపాటు బయటికి వచ్చారు. ఎనిమిది నెలల కాలం పెద్దది కాదు. కాని హుదూద్ ఆర్డినెన్సులు వెలువడినది ఆ ఎనిమిది నెలలలోనే. పార్టీ లోపల కూడా, ముఖ్యంగా కరాచీ శాఖలో, ఎన్నికలే ముందన్నవారు లేకపోలేదు. వారి మాట సాగలేదు.

సమర్థించేవారు ఒక ఉదాహరణ చూపవచ్చు, అదీ ఈ గ్రంథంలో నుండే. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఖాజీ పదవిని తిరస్కరించి, హిజ్రీ 150లో ఖలీఫా మన్సూర్ జైలులో కన్నుమూశారు. ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ పదవిని స్వీకరించి, ‘కితాబుల్ ఖరాజ్’ రాసి ఖలీఫాకు కఠినంగానే హితవు చెప్పారు. గురువు మార్గం ఒకటైతే శిష్యుని మార్గం మరొకటి. రెండింటినీ గ్రంథకర్త మన్నించారు. మరి జమాఅత్ శిష్యుని మార్గం పట్టిందనుకోరాదా?

పోలిక పైకి కుదిరినట్లే ఉన్నా లోపల కుదరదు. అబూ యూసుఫ్ (రహ్మ) న్యాయం చెప్పే పనిని చేపట్టారు. ప్రజల తరఫున సమ్మతి ఇచ్చే పనిని కాదు. రాజకీయ పార్టీ మంత్రివర్గంలో చేరితే అది కేవలం ఉద్యోగం కాదు. బలంతో వచ్చినవాడికి తన అనుచరుల సమ్మతిని అప్పగించడం అది. ఖాజీ ఇవ్వలేనిదానిని పార్టీ ఇచ్చింది. దానికి ప్రతిఫలం కూడా నిలవలేదు. 1984లో ప్రభుత్వం విద్యార్థి సంఘాలను నిషేధించినప్పుడు అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్నది జమాఅత్‌కు చెందిన విద్యార్థి శాఖే. 1964లో ఆదుకున్న ప్రాథమిక హక్కు అప్పటికి మార్షల్ లా కింద నిలిపివేయబడి ఉంది.

గ్రంథం ఎక్కడ ఆగింది

ఇంత స్పష్టమైన గుర్తులు చేతిలో ఉండగా ఇది ఎలా జరిగింది? తప్పు అనుచరులదేనని చెప్పి ఊరుకుంటే విమర్శ పూర్తి కాదు. గ్రంథంలోనే ఒక ఖాళీ ఉన్నది.

ఏమి పోయిందో గ్రంథం చక్కగా చెప్పింది. దానిని నిలబెట్టే ఏర్పాటు ఏమిటో చెప్పలేదు. నాల్గవ అధ్యాయంలో పతనానికి కారణాలు చాలావరకు వ్యక్తుల నిర్ణయాలలో, స్వభావాలలో వెతకబడ్డాయి. అందుకే చర్చ అంతా వ్యక్తుల మీదికి పోయింది. అంతకంటే కఠినమైన ప్రశ్న వేరే ఉన్నది: మొదటి నలుగురు ఖలీఫాలు నాలుగు విధాలుగా ఎన్నికైనప్పుడు, ఖలీఫాను తొలగించవలసివస్తే ఎవరు, ఏ పద్ధతిలో తొలగించాలన్న నియమం స్థిరపడనప్పుడు, తిరుగుబాటు తప్ప మరో మార్గం లేని సమాజం ఎంతకాలం నిలుస్తుంది? వ్యక్తుల తఖ్వా ఎంత గొప్పదైనా, దానిని మరుసటి తరానికి వారసత్వంగా ఇవ్వడం సాధ్యం కాదు. నియమాన్ని మాత్రం ఇవ్వవచ్చు.

ఈ ఖాళీకి మరొక మూలం 1939 నాటి ప్రసంగంలో కనిపిస్తుంది. ఇస్లామీయ రాజకీయ సిద్ధాంతంపై లాహోరులో చేసిన ఆ ప్రసంగంలో, జీవితంలోని అన్ని రంగాలనూ ఆవరించే విషయంలో ఇస్లామీయ రాజ్యానికి ఫాసిస్టు, కమ్యూనిస్టు రాజ్యాలతో ఒక పోలిక ఉన్నదని గ్రంథకర్తే అంగీకరించారు. అయితే వాటిలోని నియంతృత్వం ఇందులో లేదన్నారు. 1939లో రాజ్యం పరిధిని అంత విశాలంగా గీసిన కలమే 1966లో పాలకుని చేతులు కట్టాలన్నది. పరిధి పెరిగినకొద్దీ కట్టు కూడా గట్టిగా ఉండాలి కదా. ఆ కట్టు ఎక్కడున్నదో గ్రంథం చూపలేదు.

విచిత్రమేమంటే, కట్టు అప్పటికే సిద్ధంగా ఉన్నది. 1951 జనవరిలో కరాచీలో అన్ని మస్లక్‌లకు చెందిన 31 మంది ఉలమా సమావేశమై ఇస్లామీయ రాజ్యానికి 22 మూలసూత్రాలను ఏకగ్రీవంగా ఆమోదించారు. దేవ్‌బందీ, బరేల్వీ, అహ్లె హదీస్, షియా పండితులు అందులో ఉన్నారు. మౌలానా మౌదూదీ కూడా ఉన్నారు. దేశాధినేత రాజ్యాంగాన్ని పూర్తిగా గాని, పాక్షికంగా గాని నిలిపివేసి షూరా లేకుండా పాలించరాదని ఆ సూత్రాలలో ఒకటి. ఆయనను ఎన్నుకునే సభకే అధిక సంఖ్యాకుల ఓటుతో ఆయనను తొలగించే అధికారం కూడా ఉంటుందని మరొకటి. 1977లో 1973 రాజ్యాంగాన్ని ‘తాత్కాలికంగా నిలిపి ఉంచిన’ జనరల్ ఈ రెండు సూత్రాలనూ ఒకేసారి కాలరాశారు. దీనిని ఎత్తిచూపడానికి పాశ్చాత్యుల పుస్తకం ఒక్కటీ అక్కరలేదు. ఉలమా సంతకాలే చాలు. ఐదవ అధ్యాయం పక్కన ఈ రెండు సూత్రాలను చేర్చి ఉంటే గ్రంథం నిదానంతోపాటు చికిత్స కూడా చెప్పినదయ్యేది.

ఒక ఆక్షేపణ

ప్రజాస్వామ్యంలో అధిక సంఖ్యాకులు హరామ్‌ను హలాల్ చేస్తే ఏమి చేయాలన్నది ఇక్కడ తప్పక వచ్చే ఆక్షేపణ. సార్వభౌమాధికారం అల్లాహ్‌ది, ప్రజలది ఆయన హద్దులకు లోబడిన ఖిలాఫత్ మాత్రమే అన్నది మౌలానా సమాధానం. ముస్లిముకు ఇందులో అభ్యంతరం ఉండనక్కరలేదు. కాని హద్దు ఉన్నదా లేదా అన్నది సమస్య కాదు, హద్దుకు కాపలాదారు ఎవరన్నదే సమస్య. ప్రజలు దారి తప్పగలరు, నిజమే. ఒంటరి పాలకుడు తప్పలేడా? ప్రజలు తప్పితే మరుసటి ఎన్నికలో వారికి నచ్చజెప్పవచ్చు. పాలకుడు తప్పితే నచ్చజెప్పబోయినవాడికి కొరడా సిద్ధంగా ఉంటుంది.

దీని వెనుక బయటికి చెప్పని మరో కారణం కూడా ఉన్నది. 300లో 4 స్థానాలు వచ్చిన పార్టీకి ప్రజల మనసులను గెలిచే దారి చాలా దూరంగా కనిపిస్తుంది. సైనికాధికారి ఇచ్చే ఆర్డినెన్సు దగ్గరగా కనిపిస్తుంది. ఈ దగ్గరి దారిలో దక్కినది చట్టం అక్షరం. పోయినది ప్రజల విశ్వాసం.

పదాలు కాపాడవు

ఇది పాకిస్తాన్‌కే పరిమితమైన కథ అనుకోరాదు. మౌలానా మౌదూదీని శ్రద్ధగా చదివి, తర్వాత వేరే దారి పట్టిన ట్యునీషియా నాయకుడు రాషిద్ గన్నూషీ ఉదంతం దీనికి రెండవ పార్శ్వాన్ని చూపుతుంది. 2011 ఎన్నికలలో ఆయన పార్టీ అన్నహ్‌దా 217 స్థానాలలో 89 గెలిచింది. 2012లో, రాజ్యాంగంలో షరీఅత్ అన్న పదం కోసం పట్టుబట్టరాదని నిర్ణయించింది. 2014 జనవరిలో సర్వసమ్మతికి దగ్గరగా రాజ్యాంగం ఆమోదం పొందింది. తాను నడిపిన ప్రభుత్వాన్ని కూడా ఆ పార్టీ వదులుకుంది. పదం వదిలి షూరాను పట్టుకున్నారన్నమాట.

2021 జూలై 25న అధ్యక్షుడు ఖైస్ సయ్యిద్ పార్లమెంటును స్తంభింపజేశారు. గన్నూషీ అప్పటికి ఆ సభకు స్పీకరు. 2022లో అధ్యక్షుడు తెచ్చిన కొత్త రాజ్యాంగం 5వ అధికరణంలో, ఇస్లాం ఉన్నత లక్ష్యాలను సాధించే బాధ్యత రాజ్యానిదేనని రాయబడింది. 2023 ఏప్రిల్‌లో గన్నూషీ అరెస్టయ్యారు. రాజ్యాంగంలో ఇస్లాం మాటలు పెరిగాయి. ఇస్లామీయ ఉద్యమ నాయకుడు జైలుకు వెళ్లాడు. నియంత మాటలతో మస్జిదు మినార్లు కట్టగలడు; వాటి నీడలోనే ఖైదీలను కూడా ఉంచగలడు. ట్యునీషియాలో నియమం రాయబడి కూడా దానిని కాపాడవలసిన రాజ్యాంగ న్యాయస్థానం 2021 నాటికి ఏర్పడనే లేదు. నియమం ఒక్కటే చాలదని, నియమానికి కాపలా కూడా కావాలని ఇది హెచ్చరిస్తున్నది.

‘ఖిలాఫత్ వ ములూకియత్’ విలువ ఈ అనుభవాల తర్వాత తగ్గలేదు, పెరిగింది. సహాబాల ప్రస్తావనలో దాని భాషను తప్పుపట్టేవారు తప్పుపట్టవచ్చు. ఆ హక్కు వారికి ఉన్నది. కాని దాని ఐదవ అధ్యాయాన్ని హిజ్రీ మొదటి శతాబ్దపు చరిత్రగా మాత్రమే చదివి మూసివేయడం గ్రంథానికీ, పాఠకునికీ అన్యాయం. విరోధి పాలకునిపై ఆ ఎనిమిది గుర్తులను ప్రయోగించడానికి ఎవరైనా ముందుకు వస్తారు. తన మస్లక్‌కు, తన పార్టీకి, తన ఆశలకు దగ్గరైన పాలకునిపై ముందుగా ప్రయోగించగలిగినవాడే దానిని నిజంగా చదివినవాడు. 1965లో గ్రంథకర్త ఆ ధైర్యం చూపారు. 1978లో ఆయన శిష్యులకు అది కొరవడింది. ఉద్యమాలు తమ గ్రంథాలను అరలలో భద్రపరుచుకుంటాయి. ఆ గ్రంథాలు తమను ప్రశ్నించడానికి కూడా వీలివ్వాలి.